చిన్న స్వచ్ఛంద సంస్థలకు సలహా: ఫీజు ఎవరిస్తున్నారన్న దగ్గరే ఉంది ముడి

ఊళ్లో గ్రంథాలయం నడిపే సంఘానికో, మండల కేంద్రంలో దివ్యాంగులైన పిల్లలకు ఫిజియోథెరపీ చేయించే ట్రస్టుకో కన్సల్టెంటుతో ఏం పని అని చాలామంది అడుగుతారు. సేవ చేయాలన్న మనసుంటే చాలదా, ఆ ఫీజు డబ్బుతో ఇంకో వంద పుస్తకాలు రావా అన్నది ఆ ప్రశ్న వెనకున్న ఆలోచన. ప్రశ్న న్యాయమైనదే గాని, అడిగేవారు ఆ సంఘం ఎన్ని కార్యాలయాలకు లెక్క చెప్పుకోవాలో చూసి ఉండరు. జిల్లా రిజిస్ట్రారుకు ఏటా కార్యవర్గం జాబితా ఇవ్వాలి. ఆదాయపు పన్ను శాఖకు రిటర్ను, ఆడిట్ నివేదిక, దాతల వివరాలతో మరో పత్రం దాఖలు చేయాలి. కంపెనీల డబ్బు కావాలంటే కార్పొరేట్ వ్యవహారాల శాఖలో నమోదు కావాలి, విదేశీ విరాళం కావాలంటే కేంద్ర హోం శాఖ అనుమతి ఉండాలి, ప్రభుత్వ పథకాల నిధులకైతే నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్‌లో నంబరు తీసుకోవాలి. రిటైరైన ఉపాధ్యాయులు, చిన్న వ్యాపారులు, గృహిణులు సాయంత్రాలు తీరిక చేసుకుని నడిపే సంఘం ఇదంతా ఎవరి సాయమూ లేకుండా చేసుకోగలదనుకోవడం అత్యాశ. కాబట్టి సలహాదారు అవసరం ఉందనే ఒప్పుకుందాం. చిక్కంతా ఆ సలహాకు డబ్బు ఎవరి జేబులోంచి, ఏ లెక్కన వస్తోందన్న దగ్గర ఉంది. సలహా నాణ్యతను చాలావరకు నిర్ణయిస్తున్నది ఆ దారే.

సలహా పని సంస్థ పుట్టకముందే మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఒక సేవా బృందం ముందు ప్రధానంగా నాలుగు దారులున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు కలిసి సొసైటీగా నమోదు కావచ్చు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ట్రస్టు డీడు రిజిస్టరు చేయించుకోవచ్చు. 2013 కంపెనీల చట్టంలోని 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీ పెట్టుకోవచ్చు. సభ్యుల సొంత ఆర్థిక అవసరాల కోసమైతే 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, వాడుకలో మ్యాక్స్ చట్టం, ఉంది. ఏది తగినదో తేల్చడానికి రెండు విషయాలు తెలిస్తే చాలావరకు సరిపోతుంది: మిగిలిన డబ్బు ఎవరికి చెందాలి, నిర్ణయం ఎవరి చేతుల్లో ఉండాలి. పొదుపు చేసుకుని తమలో తాము అప్పులిచ్చుకునే మహిళల బృందాన్ని సొసైటీగా నమోదు చేయిస్తే, వడ్డీ మీద వచ్చిన మిగులును సభ్యులకు పంచే వీలు ఉండదు. మ్యాక్స్ కింద అయితే సభ్యులే యజమానులు. ఈ తేడా తెలియని మధ్యవర్తి, తనకు అలవాటైన ఫారం ఏదైతే దానిలోకే ప్రతి బృందాన్నీ ఇరికిస్తాడు. కుటుంబ పెద్ద జ్ఞాపకార్థం పెట్టే సంస్థకు ట్రస్టు సరిపోవచ్చు, ఎందుకంటే అందులో ఎన్నికలు ఉండవు, డీడు రాసినవారి ఉద్దేశమే నిలుస్తుంది. ఊరందరూ చందాలు వేసుకుని నడపదలచిన సంస్థను అలా ట్రస్టుగా మారిస్తే, పదేళ్ల తర్వాత చందాదారులకు అడిగే హక్కే లేదని తేలుతుంది.

నియమావళి దగ్గర జరిగే నష్టం ఇంతకంటే లోతైనది, అది బయటపడేది కూడా ఆలస్యంగానే. రిజిస్ట్రేషన్ పని చూసిపెట్టే మధ్యవర్తి దగ్గర సాధారణంగా ఒక నమూనా బైలాస్ ఉంటుంది. పేరు, చిరునామా మార్చి దాన్నే అందరికీ ఇస్తారు. ఆశయాల జాబితాలో శిశు విద్య నుంచి చేపల పెంపకం దాకా అన్నీ ఉంటాయి. కోరం ఎంత, అధ్యక్షుడి పదవీకాలం ఎన్నేళ్లు, కోశాధికారి రాజీనామా చేస్తే చెక్కుల మీద సంతకం ఎవరిది, సభ్యత్వం ఎప్పుడు రద్దవుతుంది వంటివి మాత్రం అస్పష్టంగా ఉంటాయి. అంతా సఖ్యంగా ఉన్నంతకాలం ఆ కాగితాన్ని ఎవరూ తెరవరు. గొడవ వచ్చాక తెరుస్తారు. అప్పుడు 2001 చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం మధ్యవర్తిత్వానికి వెళ్లాలి, లేదా జిల్లా కోర్టుకు వెళ్లాలి. ఈలోగా రెండు వర్గాలు రెండు తీర్మానాలు పట్టుకుని బ్యాంకుకు వెళితే ఖాతా నిలిచిపోవడం మామూలే. సభ్యులను కూర్చోబెట్టి, ఈ అధ్యక్షుడు ఊరు వదిలి వెళితే ఏం చేస్తారు, ఇద్దరు కోశాధికారులం మేమేనంటే ఏం చేస్తారు అని ముందే అడిగి, వచ్చిన జవాబులను నిబంధనలుగా రాసే సలహాదారు రెండు రోజులు ఎక్కువ తీసుకుంటారు. ఆ రెండు రోజులకు డబ్బిచ్చే అలవాటు మనకు లేదు. రిజిస్ట్రేషన్ అంటే సర్టిఫికెట్ తెచ్చిపెట్టడం అనుకుంటాం కాబట్టి, సర్టిఫికెట్‌కే ధర కడతాం.

పన్నుల వ్యవహారం 2020 తర్వాత పూర్తిగా మారిపోయింది. అంతకుముందు సేవా సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే 12ఏ నమోదు ఒకసారి వస్తే, రద్దు చేస్తే తప్ప అది చెల్లుబాటులోనే ఉండేది. 2020 ఆర్థిక చట్టం దాన్ని గడువుకు కట్టుబడే అనుమతిగా మార్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి పాత సంస్థలన్నీ మళ్లీ దరఖాస్తు చేసుకోవలసి వచ్చింది. వాటికి ఐదేళ్ల నమోదు, కొత్తవాటికి మూడేళ్ల తాత్కాలిక నమోదు ఇచ్చారు. ఆ తొలి విడత ఐదేళ్లు 2026 మార్చి 31తో ముగిశాయి; గడువు ముగియడానికి ఆరు నెలల ముందే, అంటే 2025 సెప్టెంబరు 30లోగా, పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టాల్సి ఉండేది. ఏటా 5 కోట్ల రూపాయల లోపు ఆదాయం ఉండే చిన్న సంస్థలకు ఇకపై పదేళ్ల నమోదు ఇచ్చేలా 2025 ఆర్థిక చట్టం సడలింపు తెచ్చింది. గడువు తప్పితే జరిగే నష్టాన్ని చాలా సంఘాలు ఊహించలేవు. ఆ ఏటి పన్ను మినహాయింపు పోవడంతోనే అది ఆగదు. 2023లో చేసిన సవరణ ప్రకారం, వేళకు దరఖాస్తు పెట్టని సంస్థ ఆస్తులకు మార్కెట్ విలువ కట్టి, అందులోంచి అప్పులు తీసేసి, మిగిలిన దాని మీద గరిష్ఠ రేటున పన్ను వేయవచ్చు. దాతలిచ్చిన స్థలంలో కట్టుకున్న గ్రంథాలయ భవనం కూడా ఆ లెక్కలోకి వస్తుంది. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం 2024లో కమిషనర్లకు ఇచ్చారు గాని, అడగాలని తెలిసినవారికే అది ఉపయోగం. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి. ఈ రంగంలో మాత్రం ఇంకా 12ఏ అనీ, దాతకు తన విరాళం మీద పన్ను తగ్గింపునిచ్చే అనుమతిని 80జీ అనీ అంటున్నారు, కొంతకాలం అలాగే అంటారు.

80జీ గురించి ఒక మాట చెప్పాలి. 80జీ ఉంటే దాతలు బారులు తీరుతారన్న ఆశ చూపించి ఫీజు తీసుకోవడం ఈ వృత్తిలో పాత పద్ధతి. 2023-24 నుంచి వ్యక్తులకు కొత్త పన్ను విధానమే సహజ ఎంపిక అయింది, అందులో 80జీ మినహాయింపు లేదు. పాత విధానంలో ఉన్న దాతకు కూడా 2,000 రూపాయలకు మించిన నగదు విరాళం మీద మినహాయింపు రాదు. పైగా 80జీ ఉన్న సంస్థ ఏటా మే 31లోగా దాతలందరి వివరాలను, ఇన్నాళ్లూ 10బీడీ అని పిలిచిన పత్రంలో, దాఖలు చేయాలి; ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల చొప్పున రుసుము పడుతుంది. కంపెనీల నిధుల కోసం 80జీ తప్పనిసరి కాబట్టి దాన్ని వద్దనలేం. ఊరి చందాలతోనే నడిచే సంఘానికి మాత్రం అది లాభం కంటే పని ఎక్కువ తెచ్చిపెట్టవచ్చు, ఆ మాట చెప్పే సలహాదారుకు ఫీజు తగ్గుతుంది. సలహా ఇచ్చేవారి ప్రయోజనం, తీసుకునేవారి ప్రయోజనం వేరుపడేది ఇటువంటి చోట్లనే.

తెలుగు ప్రాంతాల సంస్థలను మరీ ఎక్కువగా తికమక పెట్టేది విదేశాల నుంచి వచ్చే డబ్బు. అమెరికాలో స్థిరపడిన ఊరివాళ్లు బడికి బెంచీలు, చెరువు గట్టుకు మరమ్మతులు, గ్రంథాలయానికి గది కోసం పంపుతుంటారు. ఒకే ఇంటి అన్నదమ్ములు ఇద్దరున్నారనుకుందాం. తమ్ముడు భారత పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో అతను పంపిన డబ్బు విదేశీ విరాళం కాదు. అన్న అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. అతనికి విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, ఇక్కడి బ్యాంకు ఖాతాలోంచి రూపాయల్లో ఇచ్చినా, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు గాని ముందస్తు అనుమతి గాని లేని సంఘం దాన్ని తీసుకోవడం నేరం. ఆ నమోదుకు మామూలుగా మూడేళ్ల పని, ఆ మూడేళ్లలో ఆశయాల మీద 15 లక్షల రూపాయల ఖర్చు చూపాలి; విరాళాలు వచ్చే ఖాతా ఢిల్లీలో సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే తెరవాలి; ప్రతి ఐదేళ్లకూ పునరుద్ధరించుకోవాలి. ఏటా రెండు మూడు లక్షలు ఖర్చు పెట్టే ఊరి సంఘానికి ఇది అందే వ్యవహారం కాదని మొదటి సమావేశంలోనే చెప్పేయాలి. చెప్పకుండా, హోం శాఖలో మాకు మనుషులున్నారనే దళారులున్నారు. 2022 మేలో సీబీఐ ఢిల్లీ, చెన్నై, హైదరాబాద్ తదితర నగరాల్లో సోదాలు జరిపి, ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతుల కోసం లంచాల కేసులో ఆ శాఖ అధికారులతో పాటు మధ్యవర్తులనూ అరెస్టు చేసింది.

ఇక్కడ కొంత వెనక్కి వెళ్లాలి. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన తర్వాత కోస్తాలో సహాయ పనుల కోసం పుట్టిన బృందాల్లో కొన్ని శాశ్వత సంస్థలుగా నిలబడ్డాయి. కరవు పీడిత రాయలసీమలో, తెలంగాణలో వాటర్‌షెడ్ పనుల చుట్టూ మరికొన్ని వచ్చాయి. వీటిలో చిన్నవాటికి సలహాదారును విడిగా పెట్టుకునే అవసరం చాలాకాలం రాలేదు, ఎందుకంటే విదేశీ నిధులు అందుకునే పెద్ద సంస్థ తన డబ్బులో కొంత నమోదైన చిన్న సంస్థలకు ఇచ్చేది. దాంతోపాటు అకౌంట్లు ఎలా రాయాలి, నివేదిక ఎలా పంపాలి అని శిక్షణా ఇచ్చేది. సలహా ఖర్చు ఆ పెద్ద సంస్థ బడ్జెట్‌లో కలిసిపోయి ఉండేది కాబట్టి అది ఎవరికీ కనిపించేది కాదు. 2020 సెప్టెంబరులో వచ్చిన ఎఫ్‌సీఆర్‌ఏ సవరణ ఆ బదిలీని పూర్తిగా నిషేధించింది. విదేశీ నిధిని అందుకున్న సంస్థే దాన్ని ఖర్చు పెట్టాలి. అదే సవరణ పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది, ఆ 20 శాతంలోనే నిర్వహణ సిబ్బంది జీతాలు, నివేదికల తయారీ, న్యాయ, వృత్తి సలహా ఫీజులు అన్నీ సర్దుకోవాలి. ఈ సవరణలను 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది. నిధుల దుర్వినియోగాన్ని ఆపడానికని ప్రభుత్వం చెప్పిన కారణాన్ని ఒప్పుకున్నా, చిన్న సంస్థల వరకు దాని ఫలితం ఒకటే: డబ్బుతో పాటు దాని వెంట ఉచితంగా వచ్చే మార్గదర్శకత్వమూ ఆగిపోయింది. బయట మార్కెట్లో కన్సల్టెంట్లు ఇంతగా పెరగడానికి ఇదొక పెద్ద కారణమని నా అంచనా.

విదేశీ దారి ఇరుకైన కొద్దీ అందరి చూపూ కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధుల మీద పడింది. నికర విలువ 500 కోట్లు గాని, టర్నోవరు 1,000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని చేరిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఈ పనులకు ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ చెబుతోంది. 2021 నుంచి ఈ డబ్బు తీసుకునే సంస్థ సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి. సొసైటీకైనా ట్రస్టుకైనా 12ఏ, 80జీ, మూడేళ్ల అనుభవం ఉండాలి. ఆ నియమాల్లోనే పరిపాలనా ఖర్చు 5 శాతం మించరాదన్న నిబంధన ఉంది, దాన్ని చదవడంలోనే అందరూ తప్పటడుగు వేస్తున్నారు. ఆ పరిమితి కంపెనీ తన సొంత సీఎస్‌ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చుకు సంబంధించినది. ప్రాజెక్టు రూపకల్పన, అమలు, పర్యవేక్షణ ఖర్చులు అందులోకి రావు. అమలు చేసే సంస్థ నిర్వహణ ఖర్చు కూడా రాదని కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021 ఆగస్టులో ఇచ్చిన వివరణలో చెప్పింది. అయినా ఎన్నో కంపెనీల అధికారులు ఆ 5 శాతాన్నే సంస్థ బడ్జెట్‌కు కొలబద్దగా వాడతారు. అకౌంటెంటు జీతం, ఆఫీసు అద్దె, ఆడిట్ ఫీజు, సలహా ఫీజు అన్నీ అందులో పట్టాలంటారు. ఈ వివరణను చేతబట్టుకుని కంపెనీతో మాట్లాడగలిగిన సలహాదారు, ఆ ఒక్క సమావేశంతోనే తన ఫీజుకు తగిన పని చేసినట్టు. చాలామంది మాట్లాడరు, ఎందుకంటే ఆ కంపెనీ రేపు తమకు ప్రాజెక్టుల ఫలితాలను కొలిచే ప్రభావ అంచనా పని ఇవ్వవచ్చు.

ఇప్పుడు ఫీజు దగ్గరికి వద్దాం. మొదటి పద్ధతిలో దాత చెల్లిస్తారు. అప్పుడు సలహాదారు సంస్థకు ఎంత ఆప్తంగా ఉన్నా, ఆయన రాసే నివేదిక చేరేది దాతకు. సంస్థ తన బలహీనతలను ఆయన ముందు దాచుకుంటుంది, లోపం చెప్పుకోనివారికి మందు దొరకదు. రెండో పద్ధతిలో సంస్థే తన సాధారణ నిధిలోంచి చెల్లిస్తుంది. ఇదే మేలైనది, కానీ ఏ ప్రాజెక్టుకూ కట్టుబడని డబ్బు చిన్న సంస్థల దగ్గర దాదాపు ఉండదు. మిగిలింది కమిషన్: నిధులు వస్తే అందులో ఇంత శాతం. చేతిలో డబ్బు లేని సంస్థకు ఇది సులువుగా కనిపిస్తుంది, రాకపోతే ఇవ్వనక్కర్లేదు కదా అనుకుంటారు. ఆ శాతం ఎక్కడి నుంచి వస్తుందో ఒకసారి చూడాలి. 20 లక్షల ప్రాజెక్టుకు 10 శాతం అంటే 2 లక్షలు. దాతకు పంపిన బడ్జెట్‌లో ఆ 2 లక్షల పద్దు లేదు, రాస్తే దాత ఒప్పుకోరు. కాబట్టి అది శిక్షణ శిబిరంలో భోజనాలుగా, వాహనం అద్దెగా, జరగని సమావేశంగా ఓచర్లలోకి చేరుతుంది. ఆ ఓచర్ల మీద సంతకం అధ్యక్షుడిది, కోశాధికారిది. కమిషన్ తీసుకున్నవారిది కాదు. నిధులు చెప్పిన పనికే ఖర్చయ్యాయని చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ కూడా అధ్యక్షుడు, కోశాధికారుల పేరునే వెళుతుంది. అక్కడి నుంచి సంస్థ ఆ మధ్యవర్తిని వదిలించుకోలేదు, ఎందుకంటే ఆ లెక్కల సంగతి ఆయనకు తెలుసు. కమిషన్ పద్ధతి, నిధులు కోరుతూ దాతకు పంపే ప్రపోజళ్లను కూడా పెంచేస్తుంది: 6 లక్షలతో జరిగే పనికి 20 లక్షలు అడిగిస్తుంది, సంస్థ మోయలేని సిబ్బందిని పెట్టిస్తుంది, మూడేళ్ల తర్వాత వాళ్లను ఇంటికి పంపిస్తుంది. చార్టర్డ్ అకౌంటెంట్లు ఫలితం మీదో లాభాల శాతం మీదో ఫీజు తీసుకోవడాన్ని 1949 నాటి వారి చట్టం, కొన్ని మినహాయింపులతో, వృత్తి దుష్ప్రవర్తనగా పరిగణిస్తుంది. అమెరికాలోని నిధుల సేకరణ నిపుణుల సంఘం నియమావళి కూడా శాతం లెక్కన ప్రతిఫలాన్ని నిషేధిస్తుంది. మన దగ్గర ప్రపోజళ్లు రాసేవారికి అటువంటి కట్టుబాటు ఏదీ లేదు.

నాలుగో దారి ఒకటుంది, దాని ఆనవాళ్లు మన ప్రాంతంలోనే ఉన్నాయి. మ్యాక్స్ చట్టం కోసం ప్రచారం చేసిన హైదరాబాద్‌లోని కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల పొదుపు సహకార సంఘాలతో కలిసి పనిచేసినప్పుడు, లెక్కలు, ఎన్నికలు, సర్వసభ్య సమావేశాలు సభ్యులే నడుపుకోవడం మీద దృష్టి పెట్టింది. స్వయం సహాయక సంఘాలు, గ్రామ సమాఖ్యలు తమ పుస్తకాలు రాసేందుకు బుక్‌కీపరును పెట్టుకునే పద్ధతీ మనకు కొత్త కాదు. అదే పద్ధతిని చిన్న స్వచ్ఛంద సంస్థలు ఎందుకు అనుసరించకూడదు? ఒక జిల్లాలోని ఎనిమిది, పది సంస్థలు కలిసి ఒక మంచి అకౌంటెంటును నెల జీతానికి పెట్టుకుంటే, ఒక్కో దాని మీద పడే భారం కన్సల్టెంటు ఏటా ఒక్కసారి వసూలు చేసే మొత్తం కంటే తక్కువే ఉంటుంది, క్యాష్ బుక్ మార్చి నెలలో కాకుండా ఏ వారానికి ఆ వారం రాయబడుతుంది. మరి ఇది విరివిగా జరగకపోవడానికి కారణం డబ్బు ఒక్కటే అనలేం. ఒకే దాత చుట్టూ తిరిగే పొరుగు సంస్థకు తమ లెక్కలు తెలియడం ఎవరికీ ఇష్టముండదు.

ప్రత్యేక సలహాదారునే పెట్టుకోవలసి వస్తే ఒప్పందం కాగితం మీద ఉండాలి, ఫీజు పనిని బట్టో రోజులను బట్టో నిర్ణయించాలి. ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ పడితే సాధారణంగా అది సంస్థకు తిరిగి రాదు, పరిమితి దాటిన చెల్లింపుల మీద టీడీఎస్ మినహాయించి కట్టే బాధ్యత సంస్థదే; ఈ రెండూ ముందే లెక్కలో వేసుకోవాలి. దర్పణ్ నమోదుకు ప్రభుత్వ రుసుము లేదు కాబట్టి, ఆ పేరుతో అడిగే డబ్బు సేవకు ఇచ్చేదేనని గుర్తుంచుకోవాలి. చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటుంది: ఆదాయపు పన్ను, దర్పణ్, ఎఫ్‌సీఆర్‌ఏ పోర్టళ్లలో నమోదయ్యే ఫోన్ నంబరు, ఈమెయిల్ సంస్థవే కావాలి. పని తొందరగా అవుతుందని మధ్యవర్తి తన నంబరు ఇస్తే, ఓటీపీలు ఆయనకే వెళతాయి, నోటీసులు ఆయన ఈమెయిల్‌కే వస్తాయి, జవాబు గడువు అక్కడే గడిచిపోతుంది. సంస్థ పేరున ఒక సిమ్ కార్డు, ఒక ఈమెయిల్ తీసుకుని, పాస్‌వర్డులు ఇద్దరు కార్యవర్గ సభ్యుల దగ్గర ఉంచి, పదవి మారినప్పుడు వాటిని కూడా చెక్కు పుస్తకంతో పాటు అప్పగించినట్టు మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయాలి. ఇవి ఇప్పటికే ఎవరి నంబరు మీద ఉన్నాయో తెలియని సంస్థలు వచ్చే కార్యవర్గ సమావేశంలో మొదటి అంశంగా దీన్నే పెట్టుకుని, ఒక్కో పోర్టల్‌లో వివరాలు మార్పించుకోవడం మొదలుపెట్టవచ్చు.